తేనెటీగల స్టార్టర్ కిట్: పర్లాకిమిడి పెరట్లో పదిహేడు నెలలు వాడాక

నేను టైలర్‌ని. ఆంధ్ర సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా ఇంటి ముందు గదిలోనే మిషను పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నాను. తేనెటీగల కిట్ గురించి రాస్తూ ఈ సంగతి ముందు చెప్పడానికి కారణం ఉంది. ఈ కిట్‌లో ఉన్న పెద్ద లోపాలు టేపు పెట్టి కొలిచాకే నాకు తెలిశాయి. కొనేముందు "పెట్టె కొలుచుకో" అని ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే మా మొదటి ఈగలు మా దగ్గరే ఉండేవి. ఆ ఒక్క మాట ఇంకొకరికి అందాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నిరుడు జనవరిలో ఆన్‌లైన్‌లో కొన్నాను. "ఇంట్లో తేనెటీగల పెంపకం మొదలుపెట్టే వారికి పూర్తి కిట్" అని ఉంది. ధర 4,850 రూపాయలు, పార్సిల్ ఖర్చు 420. కంపెనీ పేరు రాయను. ఇలాంటి కిట్లు చాలామంది అమ్ముతున్నారు, ఎవరి దగ్గర కొన్నా చూసుకోవలసినవి ఇవే. బరంపురం మీదుగా పార్సిల్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అందులో వచ్చినవి: మూత, అడుగు పలకతో చెక్క పెట్టె, కింది గదికి ఎనిమిది ఫ్రేములు (ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాలు), పైన తేనె గదికి ఎనిమిది చిన్న ఫ్రేములు, ఇనుప స్టాండు, ఈగలు నెమ్మదించడానికి పొగ ఊదే పొగడబ్బా, ముఖానికి వల, తోలు గ్లవుజులు, ఫ్రేములు లేపే ఇనుప పట్టీ, బ్రష్షు, రాణి గేటు, పాకం పెట్టే డబ్బా, మైనం రేకులు ఒక కట్ట, చిన్న పుస్తకం. ఈగలు మాత్రం రావు. అది వాళ్లు ముందే రాశారు కాబట్టి తప్పు పట్టను.

అసలు ఈగలు ఎందుకు అనుకున్నానో చెప్పాలి. మా పెరట్లో మునగ, రెండు జామ చెట్లు, గుమ్మడి పాదు, దోస పాదు ఉన్నాయి. రెండేళ్లుగా గుమ్మడి పూత బాగా వస్తోంది, పిందె మాత్రం పసుపెక్కి రాలిపోతోంది. పొద్దున్నే లేచి మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకి రుద్దేదాన్ని. అలా చేసిన పిందెలు నిలిచేవి, చేయనివి రాలేవి. అంటే పువ్వు దగ్గరికి వచ్చే ఈగలే తగ్గిపోయాయన్నమాట. తేనె సంగతి తర్వాత, ముందు మా పాదులు కాయాలి అనుకున్నాను.

ఈగలు ఇచ్చింది మాకు తెలిసిన సవర తాత. గుమ్మా వైపు కొండ ఊరు ఆయనది. సంతకి చింతపండు, కొండ చీపుర్లు, తేనె తెస్తాడు. మనవలకి గౌనులు నా దగ్గరే కుట్టిస్తాడు. వాళ్ల ఇంటి గోడలోనే కుండలు పెట్టి, బయటికి చిన్న కన్నం వదిలి ఈగలు పెంచుతారు. ఒక కుండలోని పట్టు మొత్తం, రాణితో సహా, 1,500 రూపాయలకి ఇచ్చాడు. చీకటి పడ్డాక తెచ్చి, పట్లు కోసి, ఫ్రేములకి అరటి నారతో కట్టి పెట్టెలో పెట్టాడు. జీడి, మామిడి పూత మీద ఉన్న రోజులు. ఇంతకంటే మంచి కాలం దొరకదని ఆయనే అన్నాడు.

పదకొండో రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి జాకెట్ చేతులు కత్తిరిస్తున్నాను. పెరట్లోంచి పెద్ద హోరు. అత్తయ్య "ఓలమ్మో, ఈగలన్నీ లేచిపోతన్నాయే" అని అరిచింది. నేను వెళ్లేసరికి మబ్బులా లేచి, పక్కింటి ఒడియా మావుసి వాళ్ల వేప చెట్టు మీద పది నిమిషాలు వాలి, అక్కణ్నుంచి మహేంద్రతనయ నది వైపు వెళ్లిపోయాయి. పెట్టె తెరిస్తే పట్లు ఉన్నాయి, తేనె చుక్క లేదు. దారికి కావలసినంత తాగేసి వెళ్లాయి. ఆ రోజు ఇంక మిషను తొక్కలేదు.

తాత తర్వాతి సంతకి వచ్చి పెట్టెలో తల పెట్టి వాసన చూశాడు. "ఏటమ్మా ఇది, లోపల కూడా రంగేసినారు. మనకే తల తిరుగుతంది, ఈగెలాగుంటాది?" అన్నాడు. రంగు బయటే వేయాలి, లోపల చెక్క చెక్కలాగే ఉండాలి. మా పెట్టెకి లోపలా బయటా తెల్ల పెయింట్ వేసి ఉంది. కొత్త వస్తువు కదా, వాసన ఉంటుందిలే అనుకుని నేను వదిలేశాను.

తర్వాత టేపు తీశాను.

తేనెపెట్టె అంతా ఖాళీల లెక్క మీద నడుస్తుంది. పట్టుకి పట్టుకి మధ్య, ఫ్రేముకి గోడకి మధ్య ఈగ నడిచేంత సందు ఉండాలి. ఎక్కువైతే అక్కడ అడ్డదిడ్డంగా పట్టు కట్టేస్తుంది, తక్కువైతే నడవలేదు. ఈ సందు సంగతి పట్టుకుని 1851లో లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికా పాదిరి, ఫ్రేములు పైకి లేపగలిగే పెట్టె తయారుచేశాడు. ఈనాటి పెట్టెలన్నీ దాని పిల్లలే. జాకెట్‌కి వదులు వదలడం లాంటిదే ఇది. వదులు అరంగుళం ఎక్కువైనా తక్కువైనా ఆ జాకెట్ వేసుకోలేరు. మన ఈగకి ఏడెనిమిది మిల్లీమీటర్ల సందు కావాలి. కిట్ పెట్టెలో ఫ్రేముకి పక్క గోడకి మధ్య ఒకవైపు ఆరు, ఇంకోవైపు పదమూడు వచ్చింది. ఫ్రేములు కూడా ఒకే సైజులో లేవు. ఎనిమిదింటిలో మూడు మిగతావాటికంటే పొడుగు, వాటిని లేపాలంటే పట్టీతో పొడవాలి. మూత ఒక మూల లేచి ఉంది. అందులోంచి వెలుతురు పడుతోంది, చీమలు దూరుతున్నాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. కిట్‌తో వచ్చిన పుస్తకంలో ఇది లేదు. పెట్టెల్లో పెంచే తేనెటీగలు మన దగ్గర ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మన పుట్ట తేనెటీగ, ఏపిస్ సెరానా అంటారు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, గోడ సందుల్లో ఉండేది ఇదే. రెండోది ఐరోపా ఈగ, ఏపిస్ మెల్లిఫెరా. ఐరోపా ఈగ చెట్ల బంక తెచ్చి పెట్టెలో సందులన్నీ మూసేసుకుంటుంది. మన ఈగకి బంక తెచ్చే అలవాటు లేదు. పెట్టె అతుకుల్లో సందు ఉంటే ఆ సందు అలాగే ఉంటుంది. చీమలు, పట్టుని తినేసే మైనపు పురుగు అందులోంచే వస్తాయి. పైగా నచ్చకపోతే పెట్టె వదిలి లేచిపోయే గుణం మన ఈగకి చాలా ఎక్కువ. అందుకే మన ఈగ పెట్టుకునేవాళ్లకి పెట్టె ఫిట్టింగ్ ఇంకా ఎక్కువ అవసరం. ఐరోపా ఈగ సర్దుకుపోయే పెట్టెలో మన ఈగ ఉండదు.

ఇంక మైనం రేకులు. వీటి మీద నా కోపం ఇంకా పోలేదు. మైనం రేకు అంటే ఆరు మూలల గదుల అచ్చు వేసిన పల్చటి మైనం షీటు. ఫ్రేములో బిగిస్తే దాని మీదే ఈగలు గోడలు లేపి పట్టు కడతాయి. మా ఈగలు ఉన్న పదకొండు రోజుల్లో రెండు రేకుల్ని అసలు ముట్టుకోలేదు. మూడో దాని మీద అరచేయంత కట్టాయి. తాత దాన్ని చూసి "ఇవి పోతుటీగల గదులమ్మా, పెద్దగున్నాయి" అన్నాడు. నేను తాత కుండ పట్టు ముక్క ఒకటి, రేకు ఒకటి పక్కపక్కన పెట్టి పది గదులు వరసగా కొలిచాను. కుండ పట్టులో పది గదులు నాలుగున్నర సెంటీమీటర్లు. రేకులో అయిదు సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు. అది ఐరోపా ఈగ రేకు! మన ఈగ సైజు పెట్టెకి సరిపోయేలా కత్తిరించి పంపేశారు. మన ఈగకి ఆ గది కొలత మగ ఈగ గది లెక్కన ఉంటుంది. మగ ఈగలు తేనె తేవు, పుప్పొడి తేవు. అలాంటి గదుల్లో కూలి ఈగల్ని పెంచి పట్టు పెంచుకోవడం వాటివల్ల ఎలా అవుతుంది? పెద్దవాళ్ల ఆది జాకెట్ ఇచ్చి చిన్నపిల్లకి కుట్టమన్నట్టు ఉంది.

మీరు కొనే రేకు ఏ రకానిదో కంపెనీ మాట నమ్మకండి. స్కేలు పెట్టి పది గదులు కొలవండి, నిమిషం పని. నాలుగున్నర దగ్గర వస్తే మన ఈగది, అయిదు దాటితే కాదు.

కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటి రెండుసార్లు "ఈగలు అలవాటు పడతాయి మేడమ్" అన్నారు. మూడోసారి టేపు పెట్టి ఫోటోలు తీసి పంపాను. అప్పుడు రేకుల డబ్బు 560 రూపాయలు వెనక్కి వేశారు. పెట్టెకి ఏమీ ఇవ్వలేదు, రంగు వేయడం మా పద్ధతి అన్నారు. పొగడబ్బా తిత్తి ఆరో నెలలో చిరిగితే మాత్రం అడగ్గానే కొత్తది పంపారు. అది కూడా చెప్పాలి.

పొగడబ్బా నిజంగా మంచిదే. రేకు మందంగా ఉంది, మూత గట్టిగా పడుతుంది, చేయి కాలకుండా చుట్టూ జాలీ ఉంది. ఎండు కొబ్బరి పీచు, పాత గోనె ముక్క వేసి అంటిస్తే పావుగంట చల్లటి పొగ వస్తుంది. మన ఈగకి రెండు ఊదులు చాలు, ఎక్కువైతే చెదిరిపోతాయి. టైలర్ షాపు వాళ్లకి ఒక్క జాగ్రత్త: కత్తిరింపు ముక్కలు ఇందులో వేయకండి. ఇప్పుడు వచ్చే బట్టలో సగం పాలిస్టరే, ఆ పొగ ఈగలకి విషం. ఫ్రేములు లేపే పట్టీ కూడా బాగుంది. గ్లవుజులు ఒక్కసారి వేసుకుని తీసేశాను. అంత మందం తోలుతో ఫ్రేము పట్టుకుంటే వేలికింద ఈగ నలిగినా తెలియదు. ఒక్కటి నలిగితే అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది మిగతావాటికి కుట్టమని పిలుపు. ఉత్త చేతులతో నెమ్మదిగా చేస్తే కుట్లు తక్కువ.

ముఖం వల గురించి నా వృత్తి ప్రకారం చెప్తాను. కుట్టు ఒంటి కుట్టు, మెడ దగ్గర ఎలాస్టిక్ వదులు, వల తెల్లది. తెల్ల వలలోంచి ఎండలో చూస్తే కళ్లు చెదిరి ఫ్రేములో గుడ్లు కనపడవు. ముందు భాగం విప్పేసి నల్ల దోమతెర గుడ్డ వేసి, మెడకి రెండు వరసల ఎలాస్టిక్ పెట్టి మళ్లీ కుట్టాను. గుడ్డకి 90 రూపాయలు, గంటన్నర పని. నల్ల వలలోంచి చూపు స్పష్టంగా ఉంటుంది. ఒంటి మీద బట్టలు మాత్రం లేత రంగువే వేసుకోవాలి. ముదురు రంగు, నూగు ఉన్న బట్ట చూస్తే ఈగలు ఎగబడతాయి.

పుస్తకం హిందీలో, ఇంగ్లీషులో ఉంది. ఒడియాలో లేదు, తెలుగులో లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు మా పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉండి, సవరల భాష నేర్చుకుని, ఎవరి భాషలో వాళ్లకి చదువు చెప్పాలని కష్టపడ్డారు. ఈ పుస్తకం తిరగేస్తుంటే ఆయనే గుర్తొచ్చారు. మా అమ్మాయి చదివి చెప్పింది కాబట్టి సరిపోయింది. భాష పక్కన పెట్టినా, అందులో రాసింది ఒకటి ప్రమాదం. రాణి గేటు "ఎప్పుడూ ఉంచండి" అని ఉంది. రాణి గేటు అంటే గుమ్మానికి పెట్టే పట్టీ. కూలి ఈగ దూరగలిగే సందు ఉంటుంది, రాణి దూరలేదు. కొత్తగా పెట్టెలో పెట్టినప్పుడు రాణి వెళ్లిపోకుండా కొన్నాళ్లు ఉంచాలి. ఎప్పుడూ ఉంచితే, పాత రాణి పోయి కొత్త రాణి పుట్టినప్పుడు అది జత కట్టడానికి బయటికి పోలేదు. గుడ్లు పెట్టలేని రాణితో పట్టు మొత్తం అంతరించిపోతుంది. మగ ఈగలు కూడా లోపలే ఇరుక్కుపోతాయి.

వేసవి అంతా ఆ పెట్టెని బాగు చేసుకున్నాను. ఈ ఖర్చు కూడా కిట్ ధరలో కలిపి చూడాలి. పాతపట్నంలో ఒక వడ్రంగి అన్నయ్య ఉన్నాడు. మాకు బోర్డర్ దాటితే పాతపట్నమే, మధ్యాహ్నం వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. లోపలి రంగంతా చిత్రిక పట్టించాను. మూత సరిచేయించి, సరిగా ఉన్న ఒక ఫ్రేముని ఆది ఇచ్చి మిగతావి దాని కొలతకి కోయించాను. మధ్య సందులకి ఎనిమిది మిల్లీమీటర్ల చెక్క ముక్క ఒకటి తయారుచేసి ఇచ్చాను. ఎక్కడ పెట్టినా అది సరిగ్గా దూరాలి, అదే పరీక్ష. ఆయనకి ఇలాంటి పని కొత్త, అయినా రెండు రోజులు ఓపిగ్గా కూర్చుని చేశాడు. 700 తీసుకున్నాడు. తర్వాత పెట్టెని నెల రోజులు ఎండలో, గాలికి ఉంచాను. తాత ఇచ్చిన పాత మైనం కరిగించి లోపలి గోడలకి, ఫ్రేముల పై పట్టీకి రాశాను. పెట్టెలో ఈగ ఇంటి వాసన వచ్చింది.

స్టాండుకి కాళ్ల కింద గిన్నెలు లేవు. చీమలు రాకుండా అవి తప్పనిసరి. నాలుగు ప్లాస్టిక్ గిన్నెల్లో నీళ్లు పోసి, దోమలు గుడ్లు పెట్టకుండా పైన మెకానిక్ షాపు పాత ఆయిల్ కొంచెం పోశాను. పెట్టె మీద నారతాడు కట్టి రాయి వేలాడదీశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని ఎలా ఊపేసిందో చూసినవాళ్లం, గాలి సంగతి తేలిగ్గా తీసుకోలేం. గుమ్మం తూర్పుకి పెట్టాం. మధ్యాహ్నం పనస చెట్టు నీడ పడుతుంది, వీధి లైటు వెలుతురు పడదు. గుమ్మం ఎదురుగా ఆరడుగుల గోడ ఉంటే ఈగలు పైకి లేచి వెళ్తాయి, మనుషుల ముఖాల మీదుగా పోవు. మావుసి వాళ్లకి పిల్లలు ఉన్నారు కాబట్టి ఈ గోడ లెక్క ముందే చూసుకున్నాను.

రెండో పట్టు అక్టోబరు రెండో వారంలో పెట్టాం. కొండ చేలల్లో నూనె గింజల పైరు వలిసెలు పసుపు పచ్చగా పూసే రోజులు. ఈసారి తాత పిల్ల గదులు ఎక్కువ ఉన్న పట్లు చూసి కట్టాడు. పిల్లలు ఉన్న ఇల్లు వదిలి ఈగ తొందరగా పోదట. మైనం రేకులు వేయలేదు. ఫ్రేము పై పట్టీకి అంగుళం వెడల్పు మైనం గీత రాసి వదిలేశాం, మిగతాది అవే కట్టుకున్నాయి. పంచదార, నీళ్లు సమానంగా కలిపిన పాకం మూడు రోజులకోసారి సాయంత్రం పూట పెట్టాను. కిట్‌లో వచ్చిన పాకం డబ్బా కారుతుంది. ఒలికితే వేరే పట్టు ఈగలు దోచుకోవడానికి వస్తాయి. గాజు సీసా మూతకి సూదితో కన్నాలు చేసి బోర్లించాను, అదే బాగుంది. రాణి గేటు పన్నెండో రోజున, మూసిన పిల్ల గదులు కళ్లారా చూసుకుని తీశాను.

పదమూడో రోజు పొద్దున్న నాకు ఎంత టెన్షనో. తొమ్మిది నుంచి పదకొండు దాకా పీట వేసుకుని పెట్టె పక్కనే కూర్చున్నాను. కాళ్లకి పసుపు ఉండలు కట్టుకుని ఒక్కొక్కటీ లోపలికి వస్తున్నాయి. పుప్పొడి తెస్తున్నాయంటే లోపల పిల్లల్ని సాకుతున్నట్టు. ఇక ఉంటాయని అప్పుడు తెలిసింది. అత్తయ్యకి చెప్తే ఆవిడ కూడా వచ్చి దూరంగా నిలబడి చాలాసేపు చూసింది.

పది రోజులకోసారి అడుగు పలక తీసి తుడుస్తాను. మైనం పొడి, రాలిన ముక్కలు అక్కడ పోగైతే మైనపు పురుగు గుడ్లు పెడుతుంది. కిట్ పెట్టెలో నాకు బాగా నచ్చింది ఇదే, అడుగు పలక విడిగా తేలిగ్గా వస్తుంది. డిసెంబరులో ఒక పెద్ద కందిరీగ గుమ్మం దగ్గరికి వచ్చింది. నేను చీపురు తెచ్చేలోపే ఈగలన్నీ దాని మీద పడి బంతిలా ముద్దకట్టాయి. కుట్టలేదు, ఒళ్లు కదిలించి వేడి పుట్టించాయి. కాసేపటికి విడిపోతే కందిరీగ చచ్చి పడుంది. మన ఈగకి తరతరాలుగా వచ్చిన విద్య ఇది.

ఫిబ్రవరి చివర్లో తేనె గదిలో పట్లు ముప్పాతిక వంతు మైనంతో మూసేశాయి. అలా మూస్తేనే తేనె పండినట్టు. మూయని తేనెలో నీటిపాళ్లు ఎక్కువ, పులిసిపోతుంది. తేనెలో నీరు నూటికి ఇరవై పాళ్లు మించకూడదని ఆహార నిబంధన కూడా ఉంది. తేనె తీసే తిప్పుడు యంత్రం కిట్‌లో లేదు. తాత వాళ్ల ఊరి సంఘానికి ఒకటి ఉంటే రోజు అరువు తెచ్చాం. పట్టు పిండకుండా తిప్పి తీస్తే ఖాళీ పట్టు మళ్లీ పెట్టెలో పెట్టొచ్చు, ఈగలకి కట్టే శ్రమ తప్పుతుంది. పల్చటి నూలు బట్టలో వడకట్టాను, వేడి చేయలేదు. అప్పుడు కిలో ఎనిమిది వందల గ్రాములు, ఏప్రిల్‌లో వేప, నేరేడు పూత అయ్యాక రెండు కిలోలు. మొదటిది జీడి పూత తేనె, కొంచెం ఘాటుగా ముదురు రంగులో ఉంది. రెండోదానికి చివర్లో చిరుచేదు. రెండూ ఒకదానిలో కలపలేదు. మావుసికి అరకిలో ఇచ్చాను. "మొహు" (ఒడియాలో తేనె) అంటూ వేలితో నాకి, ఇలాంటిది చిన్నప్పుడు తిన్నానంది. ఆవిడ కోడలికి ఏడు నెలల బిడ్డ. ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించకూడదని గట్టిగా చెప్పి ఇచ్చాను.

గుమ్మడి ఈసారి పదకొండు కాయలు. చేత్తో ఒక్క పువ్వు రుద్దలేదు.

లెక్క చెప్తాను. కిట్, పార్సిల్ 5,270. రెండు పట్లకి 3,000. వడ్రంగికి 700, వల గుడ్డకి 90. రేకుల డబ్బు 560 తిరిగి వచ్చింది. మొత్తం 8,500. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలంటే పూర్తి కిట్ కొనను. పొగడబ్బా, ఫ్రేములు లేపే పట్టీ, రాణి గేటు మాత్రం కొంటాను. వల నేనే కుట్టుకుంటాను. పెట్టె, ఈగలు బాగా ఉన్న పెంపకందారుడి పెట్టెని ఆది తీసుకుని వడ్రంగి చేత చేయిస్తాను. ముందు ఈగలు ఎవరి దగ్గర తెస్తానో తేల్చుకుంటాను. ఫోన్ చేస్తే వచ్చి పెట్టె తెరిచి చూసే మనిషి మొదటి ఏడాది ఎంత అవసరమో నాకు తెలుసు. ఈగలు కొనేటప్పుడు పిల్ల గదులు తెరిపించి చూడండి. పిల్ల పురుగులు తెల్లగా, ముత్యాల్లా మెరుస్తూ ఉండాలి. నీళ్ల సంచిలా ఉబ్బి తల పైకెత్తి ఉంటే సంచి రోగం. 1991, 92లో దక్షిణాదిలో మన ఈగ పట్లని తుడిచిపెట్టేసిన వైరస్ అది. అలాంటి పట్టు ఉచితంగా ఇచ్చినా వద్దు.

కుట్టవా అని అందరూ అడుగుతారు. కుడతాయి. పదిహేడు నెలల్లో నాకు తొమ్మిది కుట్లు. ముల్లుని గోటితో గీకో, వేళ్లతో లాగో వెంటనే తీసేయాలి, ఆలస్యం చేస్తే విషం ఇంకా దిగుతుంది. అరగంట మంట, ఒక రోజు వాపు. ఇంట్లో ఎవరికైనా కుట్టాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అలాంటి వాళ్లున్న ఇంట్లో పెట్టె పెట్టకండి.

మార్కులు: పొగడబ్బాకి, పట్టీకి అయిదుకి నాలుగున్నర. వలకి రెండు. పుస్తకానికి ఒకటి. పెట్టెకి, చేతికి వచ్చినప్పుడు ఒకటి, వడ్రంగి అన్నయ్య చేయి పడ్డాక నాలుగు. మైనం రేకులకి సున్నా. మన ఈగ పెట్టెలో ఐరోపా రేకు పెట్టి అమ్మడం మానాలి, లేదా ఏ ఈగదో రేకు మీద అచ్చు వేయాలి. కంపెనీకి ఇదే మాట ఉత్తరంగా రాశాను.

ఇప్పుడు జూన్, వానలు పడ్డాయి. పూత లేదు. అయిదు ఫ్రేముల నిండా ఈగలు ఉన్నాయి. తేనె గది తీసేసి దాచాను, మూడు రోజులకోసారి సీసాలో పాకం పెడుతున్నాను. పాతపట్నం అన్నయ్య రెండో పెట్టెకి చెక్క కోసి ఉంచాడు, వలిసెలు పూసేలోపు ఇస్తానన్నాడు. ఎనిమిది మిల్లీమీటర్ల చెక్క ముక్క ఆయన దగ్గరే ఉంది.